విద్యార్థి పోర్ట్‌ఫోలియో: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఒక్కొక్కరి పేరు మీద ఒక ఫైల్ పెట్టిస్తాను. ఆ ఫైల్ గురించి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఈసారి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణ సర్కారు బడి నుంచి, పదో తరగతి జీవశాస్త్రం నుంచి వస్తాయి. నా రోజు గడిచేది అక్కడే.

పోర్ట్‌ఫోలియో అంటే ఏమిటి? నోట్‌బుక్కులు ఉండగా మళ్లీ ఇదెందుకు?

ఏడాది పొడవునా చేసిన పనిలోంచి ఏరి, తేదీ వేసి, వరుసగా పెట్టుకున్న కాగితాల కట్టే పోర్ట్‌ఫోలియో. ఇందులో అసలు పని ఏరడమే. నోట్‌బుక్కులో బోర్డు మీద చూసి రాసింది, గైడులోంచి ఎత్తి రాసింది, సొంతంగా ఆలోచించి రాసింది అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒక తరగతి నోట్‌బుక్కులు దిద్దుతుంటే సగం పేజీల్లో ఒకటే వాక్యం వస్తుంది, ఒకే మాట దగ్గర ఒకే అక్షర దోషంతో సహా. ఫైల్లోకి మాత్రం ఆ పిల్లవాడు తప్ప ఇంకొకరు రాయలేని కాగితం వెళ్లాలి.

దీనికి మార్కులు ఉన్నాయా సార్?

పిల్లలు మొట్టమొదట అడిగేది ఇదే. అడగడంలో తప్పేమీ లేదు.

సీబీఎస్‌ఈ బడుల్లో 9, 10 తరగతులకు ఇంటర్నల్ అసెస్‌మెంట్ 20 మార్కులు. పీరియాడిక్ టెస్టులకు 5, మల్టిపుల్ అసెస్‌మెంట్‌కు 5, సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్‌కు 5 పోగా పోర్ట్‌ఫోలియోకు నేరుగా పేరు పెట్టి 5 ఇచ్చారు. అక్కడ పోర్ట్‌ఫోలియో అంటే క్లాస్‌వర్కు, హోంవర్కు, మిగతా పనులు ఎంత పద్ధతిగా ఉంచుకున్నారో చూస్తారు.

తెలంగాణ రాష్ట్ర సిలబస్‌లో 'పోర్ట్‌ఫోలియో' అన్న పేరుతో మార్కులు లేవు గానీ పని మాత్రం ఉంది. పదో తరగతిలో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, అంటే నిర్మాణాత్మక మూల్యాంకనాలు. ఒక్కోటి 20 మార్కులకు. అందులో పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు 5, రాత పనులు 5, ప్రాజెక్టు పనులు 5, లఘు పరీక్ష 5. మేమంతా స్లిప్ టెస్ట్ అనే లఘు పరీక్ష ఒక్కటే పరీక్షలా జరుగుతుంది. మిగతా 15 మార్కులు పిల్లలు చేసి చూపించిన పనికే. ఆ పని కాగితాలు ఒకచోట లేకపోతే ఆ మార్కులు దేన్ని చూసి వేసినట్టు?

2024 నవంబరులో ఈ ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తున్నామని ప్రకటన వచ్చింది. వెంటనే ఆ ఏడాదికి ఆగింది. 2025-26లోనూ పబ్లిక్ పరీక్షకు 80, ఈ ఎఫ్‌ఏల నుంచి 20 అన్న పాత పద్ధతే నడిచింది. ఆ ప్రకటన వచ్చిన రోజు మా స్టాఫ్‌రూమ్‌లో "ఇక ఫైళ్ల గోల వదిలింది" అని ఒకరిద్దరు చాయ్ తెప్పించారు. మర్నాడు ఆ చాయ్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ఇంటర్నల్ మార్కులే లేవు కదా. అక్కడి పిల్లలకు దీనితో పనేమిటి?

నిజమే, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే ఆ 20 మార్కులు తీసేసి మొత్తం 100కు పబ్లిక్ పరీక్ష పెట్టారు. మార్కులే లెక్కయితే ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

కానీ రెండు విషయాలు చెప్పాలి. విద్యాహక్కు చట్టం 2009లో 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఒక్క పరీక్షతో కాకుండా ఏడాది పొడవునా పిల్లల పని చూసి అంచనా వేయడం, జరగాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకాస్త ముందుకు వెళ్లి, పిల్లలు తమ పనిని తామే అంచనా వేసుకోవడం, తోటివాళ్లు వేసే అంచనా కూడా ప్రోగ్రెస్ కార్డులో ఉండాలంది. కాగితాలు దాచకుండా ఈ రెండూ జరగవు.

రెండోది 2020 జూన్. కరోనా వల్ల తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. 5 లక్షల మందికి పైగా పిల్లలకు ఎఫ్‌ఏ మార్కులు చూసే గ్రేడ్లు ఇచ్చారు. 2021లోనూ అంతే. ఎవరూ పట్టించుకోని ఎఫ్‌ఏ రికార్డులే ఒక్కసారిగా అందరి సర్టిఫికెట్లు అయి కూర్చున్నాయి. కొంతమంది పిల్లలు ఇంటికి ఫోన్ చేసి "సార్, ఆ రెండో ఎఫ్‌ఏలో నా ప్రాజెక్టు దిద్దారా?" అని అడిగారు. అప్పటికి నేను ఫైళ్లు పెట్టించడం లేదు. మార్కుల రిజిస్టరులో అంకె ఉంది, అది ఎందుకు వేశానో చెప్పే కాగితం నా దగ్గర లేదు. ఆ జూన్‌లో ఆ ప్రశ్నకు నీళ్లు నమిలాను. ఫైళ్లు మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఫైల్లో ఏమేం పెట్టాలి?

ఒక ఎఫ్‌ఏకు నాలుగైదు కాగితాలు చాలు. ఏడాదికి 20 దాటితే ఆ ఫైల్ ఎవరూ తిరగెయ్యరు, పెట్టినవాళ్లు కూడా.

నేను అడిగేవి ఇవి. చేసిన ప్రయోగం గురించి సొంత మాటల్లో ఒక పేజీ. సొంతంగా రాసిన జవాబు ఒకటి, గైడులో దొరకని ప్రశ్నకు. ప్రాజెక్టు. దిద్దిన స్లిప్ టెస్ట్ కాగితం. వీటితోపాటు పిల్లలు తమకు తాము ఇష్టపడి పెట్టుకునేది ఒకటి. ఈ చివరిదానికి నియమం లేదు. ఒకమ్మాయి వాళ్ల పొలంలో పత్తి ఆకు మీద కనిపించిన పురుగు బొమ్మ వేసి పెట్టింది, కింద పేరు లేదు, "దీని పేరు నాన్నకు కూడా తెలియదు" అని మాత్రం రాసింది. నాకు ఆ కాగితమంటే చాలా ఇష్టం.

సబ్జెక్టును బట్టి ఇవి మారతాయి. మొదటి సాధనం, అదే భాగస్వామ్యం-ప్రతిస్పందనల కింద, తెలుగు, ఇంగ్లిష్, హిందీల్లో పాఠ్యపుస్తకం కాకుండా వేరే పుస్తకం చదివి తమకేమనిపించిందో రాస్తారు. గణితంలో లెక్కలు తామే తయారు చేస్తారు. సాంఘికశాస్త్రంలో పత్రికలో వచ్చిన సంగతి మీద వ్యాఖ్య రాస్తారు. గణితంలో పిల్లలు తయారు చేసిన లెక్కలు చదవడం సరదాగా ఉంటుంది. మా గణితం మేడమ్ చూపించిన ఒక లెక్కలో ఒకడు లీటరు పాలలో ఎన్ని నీళ్లు కలిపితే ఎంత లాభమో అడిగాడు. వాళ్లది పాల వ్యాపారమట.

పెట్టకూడనివి కూడా చెప్పాలి. ఆధార్ జిరాక్సులు, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్కు కాపీలు. అవి ఆఫీసు రికార్డులోకి వెళ్లాలి. పది మంది చేతుల్లో తిరిగే ఫైల్లో వాటికి చోటు లేదు.

తప్పులున్న కాగితం కూడా పెట్టాలా? మార్కులు తక్కువొచ్చిన టెస్ట్ పెడితే పిల్లవాడికి చిన్నతనం కాదా?

ముందుగా పెట్టాల్సింది అదే. ఎందుకో ఒక కాగితం చూపించి చెబుతాను.

సెప్టెంబరులో ప్రసరణ వ్యవస్థ పాఠం మీద స్లిప్ టెస్ట్. గుండె నిలువుకోత బొమ్మ గీసి భాగాలు గుర్తించాలి. ఒక అబ్బాయి బొమ్మ చక్కగా గీశాడు, పెన్సిల్ గీత ఎక్కడా వణకలేదు. కానీ కుడి ఎడమలు తారుమారు. కాగితానికి ఎడమ వైపున్న గదికి ఎడమ జఠరిక అని రాశాడు. దాంతో ఊపిరితిత్తులకు వెళ్లాల్సిన రక్తం బృహద్ధమనిలోకి పోయింది. 5కు 2 వేశాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫైల్లో పెట్టించడానికి కాస్త బతిమాలాల్సి వచ్చింది.

ఆ తర్వాతి వారం ప్రయోగం కోసం మటన్ కొట్టు నుంచి మేక గుండె తెప్పించాం. ట్రేలో పెట్టి, రక్తనాళాల్లోకి స్ట్రాలు దూర్చి, బ్లేడుతో కోసి చూపించాను. అక్టోబరులో అదే బొమ్మ మళ్లీ గీయమంటే ఆ అబ్బాయి సరిగ్గా గీశాడు, కింద ఇలా రాశాడు: "బొమ్మలో గుండె నాకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. అందుకే నా కుడి చేతి వైపు ఉన్నది అతని ఎడమ. కోసిన గుండెలో మందంగా ఉన్న గోడను వేలితో నొక్కాను. అది ఎడమ జఠరిక. అది గట్టిగా ఉంది, ఎందుకంటే ఒళ్లంతటికీ రక్తం తోయాలి."

ఈ రెండో కాగితం ఒక్కటే చూస్తే బాగా చదివే పిల్లవాడిది అనుకుంటాం, అంతే. సెప్టెంబరు కాగితం పక్కన పెట్టి చూస్తే నేర్చుకోవడం ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించవచ్చు. గోడను వేలితో నొక్కిన దగ్గర జరిగింది.

చిన్నతనం సంగతి: ఫైల్ ఇంకొకరికి చూపించాలా వద్దా అన్నది పిల్లలకే వదిలేయండి. నేను తరగతిలో ఎవరి తప్పు కాగితాన్నీ ఎత్తి చూపించను. పైన చెప్పింది కూడా ఆ అబ్బాయిని అడిగాకే రాశాను, పేరు లేకుండా.

దిద్దిన తర్వాత ఆ కాగితాన్నే చెరిపి సరిచేయవచ్చా?

వద్దు. పాతది అలాగే ఉంచి కొత్త కాగితం మీద రాయాలి. వైట్‌నర్ మా ఫైళ్లలో నిషేధం.

ఫైల్ ఎలాంటిది కొనాలి?

ఖరీదైనది వద్దు. ప్లాస్టిక్ కవర్లున్న డిస్‌ప్లే ఫైల్ చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో పెట్టిన కాగితం మీద మళ్లీ ఎవరూ ఏమీ రాయరు, అది అద్దాల బీరువా బొమ్మలా అయిపోతుంది. స్ప్రింగ్ ఫైల్ మూడు నెలల్లో స్ప్రింగ్ వదిలేస్తుంది. నాకు నచ్చింది ఆఫీసుల్లో వాడే మామూలు అట్ట ఫైల్, ట్యాగుతో. కాగితానికి రెండు చిల్లులు పొడిచి ట్యాగుకు గుచ్చితే ఎన్నిసార్లయినా తీసి మధ్యలో ఇంకోటి పెట్టవచ్చు. తరగతికి ఒక పంచింగ్ మెషిన్ ఉంటే చాలు.

కాగితాలన్నీ ఒకే సైజు, ఎ4. నోట్‌బుక్కులోంచి చింపిన కాగితమైతే ఎ4 మీద అతికించాలి, లేకపోతే చిన్నవి లోపల దాక్కుని చిరుగుతాయి. మైదాపిండి జిగురు మాత్రం వద్దు, దానికోసం బొద్దింకలు వస్తాయి.

కాగితాలు ఏ వరుసలో పెట్టాలి? సబ్జెక్టువారీగానా, తేదీలవారీగానా?

ఒకే సబ్జెక్టు ఫైలైతే తేదీల వరుసే. పాతది కింద, కొత్తది పైన. తెరవగానే ఇప్పటి పని కనిపిస్తుంది, వెనక్కి వెళ్లేకొద్దీ జూన్ వస్తుంది. అన్ని సబ్జెక్టులకూ ఒకటే ఫైలైతే సబ్జెక్టుకో రంగు కాగితం అడ్డంగా పెట్టి, దాని లోపల మళ్లీ తేదీలు. ప్రైమరీ పిల్లలకు ఇదే నయం, సబ్జెక్టుకో ఫైలైతే వాళ్ల సంచిలో పట్టవు.

మొదటి పేజీ విషయసూచిక. నాలుగు గళ్లు చాలు: వరుస సంఖ్య, తేదీ, ఏం పని, ఎందుకు పెట్టాను. నాలుగో గడి ఖాళీగా వదిలితే ఆ కాగితం వెనక్కి ఇచ్చేస్తాను. "సార్ పెట్టమన్నారు" అని రాస్తే ఒప్పుకోను. "మొదటిసారి అయోడిన్ పరీక్షలో ఆకు నల్లబడింది, అందుకు" అని రాస్తే ఒప్పుకుంటాను.

తేదీ తప్పనిసరా?

అన్నిటికన్నా ముందు అదే. అట్ట బాగాలేకపోయినా, చేతిరాత కోడి గీతల్లా ఉన్నా పరవాలేదు, తేదీ లేని కాగితం మాత్రం పోర్ట్‌ఫోలియోలో చెల్లదు. ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే మార్పు ఎలా కనిపిస్తుంది? కుడివైపు పైమూలన రోజు, నెల, సంవత్సరం. పని చేసిన రోజునే వేయాలి. పరిశీలనకు ముందు రోజు కూర్చుని వెనకటి తేదీలు వేస్తే ఇట్టే దొరికిపోతారు. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉంటాయి మరి.

ప్రాజెక్టులు షాపులో తయారుగా దొరుకుతున్నాయి. నెట్‌లోంచి తీసినవి, చాట్‌జీపీటీ రాసినవి ఎలా పట్టుకోవాలి?

నా మొహమాటం లేని అభిప్రాయం: పట్టుకోవడం మీద పెట్టే శ్రమ ప్రశ్న మార్చడం మీద పెట్టాలి. "జీర్ణవ్యవస్థ గురించి ప్రాజెక్టు చేయండి" అని మనమే చెబితే, పిల్లలు స్టేషనరీ షాపులో బొమ్మల షీటు కొని, కత్తిరించి, అంటించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలతీగ గీసి తెస్తారు. వాళ్ల తప్పేముంది? అలాంటి ప్రశ్నకు అలాంటి జవాబే వస్తుంది.

ప్రశ్న వాళ్ల ఇంటి గడప దాటకుండా ఉండాలి. "మీ ఇంట్లో వారం రోజులు ఎవరు ఏం తిన్నారో రాయండి, అందులో పప్పు ఎన్నిసార్లు, ఆకుకూర ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి, అమ్మ ఎప్పుడు తిన్నదో కూడా రాయండి." దీనికి ఏ యాప్ దగ్గరా జవాబు లేదు. ఈ ప్రాజెక్టు ఇచ్చిన ఏడాది సగం మంది ఫైళ్లలో ఒకే సంగతి తేలింది: అమ్మ అందరికన్నా ఆఖర్న, మిగిలిన కూరతో. అది ఆడపిల్లల ఫైళ్లలో వాక్యంగా ఉంది, మగపిల్లల ఫైళ్లలో పట్టికలో ఒక గడిగా ఉంది. దాని మీద ఒక పీరియడంతా మాట్లాడుకున్నాం.

నెట్ వాడితే వాడారని రాయమనండి. చాట్‌జీపీటీని అడిగి ఉంటే అడిగిన ప్రశ్న కూడా కాగితం మీద పెట్టమనండి. దాచాల్సిన అవసరం లేదని తెలిస్తే చాలామంది దాచరు. ఇంకా అనుమానముంటే ప్రాజెక్టు చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు నోటితో అడగండి, రెండు నిమిషాల పని.

అమ్మానాన్నలకు ఒక విన్నపం. రాత్రి పదకొండింటికి మీరు కూర్చుని చార్టు గీయకండి. మీ చేతిరాత మాకు తెలుసు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకాలు చూస్తూనే ఉంటాం.

గ్రూపు ప్రాజెక్టులు, చార్టులు, మోడళ్లు ఫైల్లో ఎలా పట్టిస్తాం?

వస్తువు పట్టదు, ఫొటో పడుతుంది. ఫొటో ప్రింటు తీయించడం కుదరకపోతే చిన్న బొమ్మ గీసినా సరే. గ్రూపు పనైతే ఒక్కొక్కరూ తమ వంతు ఏమిటో నాలుగు వాక్యాలు రాసి తమ ఫైల్లో పెట్టుకోవాలి. ఆ నాలుగు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదివితే ఎవరు చేశారో, ఎవరు పేరు రాయించుకున్నారో తెలిసిపోతుంది.

చార్టులు గోడకు. 1980ల చివరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం ఒకటుంది. ఏపీపీఈపీ అనేవారు. పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించాలన్నది దాని మూలసూత్రాల్లో ఒకటి. అప్పటి సీనియర్ టీచర్లు కొందరు ఇప్పటికీ గోడ నుంచి గోడకు దారం కట్టి కాగితాలు తోరణంలా వేలాడదీస్తారు. పోర్ట్‌ఫోలియో అనే మాట కొత్తగా వచ్చింది గానీ పని పాతదే.

ఒక్క సెక్షన్‌లో 40 మందికి పైగా ఉన్నారు. ఒక్కడినే ఇన్ని ఫైళ్లు ఎలా చూడాలి?

మీరు చూడకండి. అంటే, అన్నీ ఒకేసారి చూడకండి.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు అదే. ఎఫ్‌ఏ అయిపోగానే అన్ని ఫైళ్లూ సంచుల్లో మోసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. శని ఆదివారాలు రెండూ పోయాయి, నడుం పట్టేసింది, దిద్దింది సగమే. ఇప్పుడు పద్ధతి మార్చాను. శనివారం ఆఖరి పీరియడ్‌లో 15 నిమిషాలు 'ఫైళ్ల టైము'. ఆ వారం కాగితాల్లోంచి ఒకటి ఏరి, చిల్లులు పొడిచి, సూచికలో ఎక్కించేది పిల్లలే. హాజరు పట్టీ వరుసలో వారానికి పది ఫైళ్లు మాత్రం నేను తీసుకుంటాను. నెలకోసారి అందరి ఫైళ్లూ నా చేతుల మీదుగా వెళ్తాయి. ప్రతి కాగితం మీదా వ్యాఖ్య రాయను. ఫైల్ మొత్తానికి ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపిస్తాను. 'గుడ్', 'కీప్ ఇట్ అప్' అని రాయడం మానేశాను, అవి చదివి ఎవరూ ఏమీ చేయరు.

మిగతా వాటిని పక్క బెంచీ వాళ్లు చూస్తారు. తేదీ ఉందా, సూచికలో ఉందా, 'ఎందుకు పెట్టాను' రాశారా, ఈ మూడే. పిల్లలు ఈ మూడింటి విషయంలో మనకన్నా కఠినంగా ఉంటారు.

ఫైళ్లు ఇంట్లో ఉంచాలా, బళ్లోనా?

బళ్లోనే. ఇంటికి వెళ్లిన ఫైల్ తిరిగొచ్చేసరికి చెల్లెలు బొమ్మలు గీసి ఉంటుంది, లేదా పెళ్లికని ఊరెళ్లి అక్కడే వదిలేసి వస్తారు. నెలకో శనివారం ఇంటికి పంపి సోమవారం తెప్పిస్తాను.

బళ్లో ఎక్కడ పెట్టాలన్నది అసలు తంటా. ఒక ఏడాది కిటికీ పక్క బల్ల మీద పేర్చాను. జూలైలో ఒక రాత్రి కొట్టిన జల్లుకు పై వరసలో పదకొండు ఫైళ్లు నానిపోయాయి. ఫ్యాను కింద ఆరబెట్టాం గానీ స్కెచ్ పెన్ను రాతలన్నీ అలికేసినట్టయ్యాయి. అప్పటినుంచి రెండు నియమాలు: రాత బాల్‌పెన్నుతోనే, బీరువా అడుగు అరలో ఫైళ్లు వద్దు. నేలకు దగ్గరగా ఉంటే చెదలు పడతాయి. ఎండిన వేపాకు అరల్లో వేస్తాం. కలరా ఉండలు మాత్రం పిల్లల చేతికి అందే చోట పెట్టవద్దు. ఫైళ్లు పడుకోబెట్టకుండా నిలబెట్టి, వీపు మీద రోల్ నంబరు పెద్దగా రాస్తే ఎవరి ఫైల్ ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు.

ఫోన్‌లో ఫొటోలు తీసి దాచుకుంటే సరిపోదా?

కాగితానికి తోడుగా మంచిదే. బదులుగా పెట్టాలంటే మన బళ్లలో కష్టం, పిల్లలందరి చేతిలో ఫోన్ ఉండదు, ఉండకూడదు కూడా. గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ చేసే వీలుంది, ఉచిత ఖాతాలో 15 జీబీ ఇస్తారు. ఫైల్ పేరులో మొదట సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు పెట్టండి: 2025-09-12, ఆ తర్వాత రోల్ నంబరు, పని పేరు. అప్పుడు అవి వాటంతటవే తేదీల వరుసలో కూర్చుంటాయి. ఫోన్ పెట్టే అంకెల పేర్లతో వదిలేస్తే మార్చిలో ఏ ఫొటో ఎవరిదో దేవుడికే తెలియాలి.

పిల్లల కాగితాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే అలవాటు ఒకటి పెరుగుతోంది. బాగున్నవి పెట్టినా సరే, పిల్లవాడిని అడగండి. పేరు, రోల్ నంబరు కనిపించకుండా చూడండి. తప్పులున్న జవాబుపత్రాలు నవ్వుకోవడానికి గ్రూపుల్లో తిప్పడం మాత్రం నేరుగా అంటున్నాను, సిగ్గుచేటు.

ఎఫ్‌ఏ పరిశీలన బృందం వస్తుందంటే టెన్షన్‌గా ఉంది. వాళ్లు ఏం చూస్తారు?

మార్కుల రిజిస్టరులో వేసిన అంకెకు, పిల్లల కాగితానికి పొంతన ఉందా అని చూస్తారు. నాలుగైదు రోల్ నంబర్లు చెప్పి "వీళ్లవి తీయండి" అంటారు. వీపు మీద నంబర్లున్న ఫైళ్లయితే నిమిషంలో బల్ల మీద పెట్టవచ్చు. అందరికీ 20కి 20, 19 వేసిన చోటే ప్రశ్నలు ఎక్కువ వస్తాయి, రావాలి కూడా. మొదటి ఎఫ్‌ఏలో 11, నాలుగో ఎఫ్‌ఏలో 16 వచ్చిన పిల్లవాడి ఫైల్ చూపిస్తే వాళ్లే కాస్త కూర్చుని చదువుతారు.

తల్లిదండ్రుల సమావేశంలో ఈ ఫైల్ ఎలా చూపించాలి? మా ఊళ్లో చాలామంది తల్లిదండ్రులకు చదువు రాదు.

పెద్ద పెద్ద సమావేశాలు ఇప్పుడు బాగా జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. జనం వస్తున్నారు, వచ్చాక వాళ్లకు చూపించేదేమిటన్నదే ప్రశ్న. "మీవాడు యావరేజ్ అండీ" అని మనం చెబితే తల దించుకుని వెళ్లిపోతారు.

నేను మాట్లాడడం తగ్గించాను. ఫైల్ పిల్లవాడి చేతికిచ్చి వాళ్ల అమ్మకో నాయనకో చూపించమంటాను. చదువు రానివాళ్లకు ఇది ఇంకా తేలిక. మొదటి కాగితం, చివరి కాగితం పక్కపక్కన పెడితే రాత తిన్నగా వచ్చిందా, బొమ్మ కుదిరిందా అన్నది ఎవరైనా చెప్పగలరు. ఉపాధి పనికి వెళ్లే ఒక తల్లి, కూతురి ఫైల్లో వేరు నిర్మాణం బొమ్మ చూసి, "ఇది కందిది కాదు బిడ్డా, కంది వేరు ఇంకా లోపలికి పోతది" అంది. ఆ పిల్ల అక్కడికక్కడే కాగితం చివర ఆ మాట రాసుకుని, 'అమ్మ చెప్పింది' అని తేదీ వేసింది.

మా అబ్బాయి అక్టోబరులో వేరే బడి నుంచి వచ్చాడు. ఫైల్ ఖాళీగా ఉంది.

ఖాళీగా ఉండనివ్వండి. వచ్చిన రోజు నుంచే తేదీ మొదలవుతుంది. వెనకటి నాలుగు నెలలకు కాగితాలు పుట్టించవద్దు. పాత నోట్‌బుక్కులో తనకు నచ్చిన పేజీ ఉంటే ఒకటి రెండు తెచ్చి పెట్టుకోవచ్చు, 'పాత బడిలో చేసింది' అని రాసి.

ఏడాది చివర ఈ ఫైళ్లను ఏం చేస్తారు?

6 నుంచి 9 తరగతుల వాళ్లవి పై తరగతి టీచరుకు ఇస్తాను, జూన్‌లో ఒకసారి తిరగేస్తే ఎవరికి ఎక్కడ చెయ్యి అందించాలో తెలుస్తుందని. పదో తరగతి వాళ్లవి ఇంటర్నల్ మార్కుల పరిశీలన అంతా పూర్తయ్యేదాకా బీరువాలో ఉంటాయి. మెమోలు తీసుకోవడానికి వచ్చిన రోజు ఎవరి ఫైల్ వాళ్లకు ఇచ్చేస్తాను. చాలామంది అక్కడే వరండాలో కూర్చుని మొదటి పేజీ నుంచి తిప్పుతూ నవ్వుకుంటారు. అన్నీ దాచుకోనక్కర్లేదు, మూడు కాగితాలు ఏరుకుని మిగతావి తూకానికి వేసినా పరవాలేదని చెబుతాను. ట్యాగు మాత్రం ఊడదీసి నా బల్ల మీద పెట్టి వెళ్లాలి. జూన్‌లో కొత్త ఫైళ్లకు కావాలి.